కరగని మంచు

బొల్లిగాడి దగ్గర మొదట్లో ఉన్నవి సరిగ్గా పన్నెండు వందల వేరుశనక్కాయలు.

ఒక మేక దగ్గర అన్ని కాయలు తినకుండా మిగలడమే వింత. కానీ బొల్లిగాడు లెక్క తెలిసిన మేక. పెద్దగుట్ట కింద మందలో పుట్టి పెరిగిన రెండేళ్ల పోతు. పక్క దొడ్లలోని దూడల్నీ గొర్రెపిల్లల్నీ గుట్ట పైకి తీసుకెళ్లి, పైనుంచి ఊరంతా చూపించి, కాలు బెణక్కుండా కిందికి దించేవాడు. తలకు రెండు కాయలు. ఒక్కసారికి ఒక్కరే. అంటే ఆరు వందల సార్లు ఎక్కాడు, ఆరు వందల సార్లు దిగాడు.

అయినా మంద ముందు నడిచేవాడి గంట అతని మెడలో లేదు. అది గంభీరయ్య మెడలో ఉంది.

గంభీరయ్య ముసలి పోతు. గడ్డం నేలకు తగులుతుంది. కుడి కొమ్ముకు తెల్లటి కుచ్చు ఒకటి కట్టుకుని తిరుగుతాడు. కిందటేడాదికి ముందు ఏడాది విదేశం వెళ్లి మంచు శిఖరం ఎక్కి వచ్చాడట. "ఆ మంచే ఇది. ఇన్నాళ్లయినా కరిగిందేమో చూడండి. విదేశీ సరుకు" అంటాడు. మంద చూస్తుంది. నిజంగానే కరగలేదు.

కిందటి వేసవిలో కింద గడ్డి ఎండిపోయినప్పుడు మందని గుట్ట మీదికి నడిపించింది ఆయనే. రెండు కళ్లకీ మోదుగ ఆకులు అడ్డం కట్టుకుని, ఆకు మధ్య చిన్న చీలికలోంచి చూసుకుంటూ నడిచాడు. విదేశాల్లో శిఖరాలు ఎక్కేవాళ్లందరూ అలాగే కట్టుకుంటారన్నాడు. ఆ చీలికలోంచి దారి కనబడక మందని రాళ్లు జారే వాగులోకి దించాడు. బొల్లిగాడి చెల్లెలు చుక్కికి వెనక కాలు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది.

మళ్లీ ఎండలు ముదురుతున్నాయి.

"అన్నా, ఈసారి కూడా ఆయనే ముందు నడిస్తే నేను కిందే ఉండిపోతాను" అంది చుక్కి.

"కింద గడ్డి ఉండదే."

"తెలుసు."

బొల్లిగాడు నేరుగా గంభీరయ్య దగ్గరికి వెళ్లాడు. మంద అంతా చుట్టూ పడుకుని నెమరేస్తోంది.

"మామా, ఈ ఏడాది గంట నాకివ్వు. మందని నేను ఎక్కిస్తాను."

"నువ్వా? ఏ దేశం చూశావురా నువ్వు?"

"గుట్ట చూశాను. ఆరు వందల సార్లు."

"ఒకే గుట్ట ఆరు వందల సార్లు ఎక్కితే అనుభవం అనరురా. అలవాటు అంటారు. విదేశీ శిఖరం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఎక్కి రా. ఆ రోజే ఈ గంట తీసి నీ మెడలో వేస్తాను. మంద సాక్షి."

మంద తలలూపింది. నెమరేసేటప్పుడు ఎలాగూ తలలు ఊగుతాయి, అయినా ఒప్పుకున్నట్టే లెక్క.

విదేశాలకి తీసుకెళ్లేది జంబయ్య. వాగు పక్కన బండ కింద అతని దుకాణం. నక్కే, కానీ మెడకు తాడు చుట్ట, నడుముకు మరో తాడు చుట్ట, చూడగానే కొండలెక్కేవాడిలా ఉంటాడు. బొల్లిగాడు కాయల మూట దించాడు.

"యాత్రకి పదకొండు వందల యాభై" అన్నాడు జంబయ్య.

"ఇందులో ఏమేమి వస్తాయి?"

"గైడు, తాళ్లు, కళ్లకి ఆకులు, మూడు దేశాలు, ఒక శిఖరం, శిఖరం ఎక్కినట్టు నా పంజా గుర్తు వేసిన ఆకు. నడక ఒక్కటే నీది. మిగతావన్నీ మావి."

"మేకకి కొండెక్కడం నక్క నేర్పడమేమిటని మా చెల్లెలు నవ్వుతోంది."

"నవ్వనీ బాబూ. మీది మామూలు ఎక్కడం. మాది యాత్ర. రెండిటికీ పదకొండు వందల యాభై తేడా."

బొల్లిగాడు ఎంచి ఇచ్చాడు. మూటలో యాభై మిగిలాయి.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. బొల్లిగాడితో పాటు ఇంకో యాత్రికురాలు ఉంది, ఉన్నమ్మ అనే గొర్రె. పక్క దొడ్డిలో తోడికోడలు ఏదో ఊరు చూసొచ్చిందని, తను ఏకంగా దేశమే చూసి రావాలని వచ్చింది. సామాను మోయడానికి గాడిద బరువయ్య. జంబయ్య అందరి కళ్లకీ మోదుగ ఆకులు కట్టాడు.

"మంచు మీద ఎండ పడితే కళ్లు పోతాయి" అన్నాడు.

"మంచు ఇంకా రాలేదుగా?" అన్నాడు బొల్లిగాడు.

"వచ్చాక కట్టుకుంటే అప్పటికే పోతాయి."

ఉన్నమ్మ వెంటనే ముడి ఇంకొంచెం బిగించమంది.

తర్వాత అందరినీ ఒకే తాడుకి కట్టాడు. ముందు బొల్లిగాడు, వెనక ఉన్నమ్మ, ఆ వెనక బరువయ్య, అందరి చివర జంబయ్య.

"గైడు ముందుండాలి కదండీ?" అంది ఉన్నమ్మ.

"ముందుంటే మీరు తప్పు చేస్తే నాకెలా కనబడుతుందమ్మా?"

నడిచారు. తాడు ఎందుకో బరువుగా లాగుతోంది. ఎత్తు వచ్చిన చోటల్లా వెనకనుంచి ఇంకొంచెం లాగుతోంది. గైడుని కూడా తనే లాక్కుపోతున్నానని బొల్లిగాడికి రెండో రోజుకి అర్థమైంది.

మూడు రోజుల్లో మూడుసార్లు నీళ్లు దాటారు. దాటిన ప్రతిసారీ జంబయ్య "ఇక్కడితో ఒక దేశం అయిపోయింది. కాళ్లు దులుపుకోండి, ఇక్కడి మట్టి అక్కడ ఒప్పుకోరు" అనేవాడు. అందరూ దులుపుకునేవాళ్లు.

"జంబయ్యగారూ, మొదటి ఏరు పద్నాలుగు అడుగులు. రెండోదీ పద్నాలుగే. ఇదీ పద్నాలుగే" అన్నాడు బొల్లిగాడు.

"అంతర్జాతీయ కొలత బాబూ. సరిహద్దులో ఏరు ఎక్కడైనా అంతే ఉండాలి."

"పదో అడుగు దగ్గర కాలికి తగిలే పలుగురాయి కూడానా?"

"నువ్వు లెక్కపెట్టడానికి వచ్చావా, చూడటానికి వచ్చావా?"

"చూద్దామంటే కళ్లకి ఆకులు కట్టారుగా."

"చూశావా, అందుకే నీకు లెక్కల మీదికి పోయింది మనసు" అన్నాడు జంబయ్య జాలిగా.

మూడో రోజు ఎక్కుడు మొదలైంది. కాసేపటికి జంబయ్య తాడు రెండుసార్లు లాగాడు. "ఎత్తుకి వచ్చేశాం. ఇక్కడి నుంచి అందరూ ఆయాసపడాలి."

ఉన్నమ్మ ఆ మాట కోసమే చూస్తున్నట్టు రొప్పడం మొదలుపెట్టింది. బరువయ్యకి ముందునుంచే ఆయాసంగా ఉంది, కాకపోతే అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"నాకు రావడం లేదు" అన్నాడు బొల్లిగాడు.

"తెచ్చుకో. ఆవిడని చూసి నేర్చుకో. డబ్బు... అదే, కాయలిచ్చి వచ్చినవాళ్లకి ఆ మాత్రం శ్రద్ధ ఉండాలి."

పదమూడు వందల పన్నెండో అడుగు దగ్గర కాలి కింద మెత్తగా తగిలింది. చీలికలోంచి చూస్తే అంతా తెలుపు. నేలంతా తెల్లగా పరుచుకుని ఉంది.

"శిఖరం" అన్నాడు జంబయ్య.

"అబ్బ, ఎంత చలి" అంది ఉన్నమ్మ, ఒళ్లంతా ఉన్ని పెట్టుకుని వణుకుతూ. ఆమె నుదుటి మీద చెమట కారుతోంది.

మేక కొత్త చోటికెళ్తే ముందు చేసేది చూడటం కాదు, నమలడం. బొల్లిగాడు వంగి నోటినిండా మంచు తీసుకున్నాడు. చల్లగా లేదు. తడి లేదు. నాలుకకి అతుక్కుంది, పళ్ల సందుల్లో ఇరుక్కుంది. నమలగా నమలగా నల్లటి గింజ ఒకటి పటుక్కుమంది.

బూరుగు దూది.

కళ్లకున్న ఆకులు ఊడబీకి, నడుం తాడు కొరికేశాడు. చుట్టూ బూరుగు చెట్లు, పందొమ్మిది. కాయలన్నీ పగిలి దూది రాలుతోంది. చెట్లు దాటితే మోకాలెత్తు పచ్చగడ్డి. పది గంతులు వేసి అంచు దాకా వెళ్లి కిందికి చూశాడు. తన దొడ్డి కనబడింది. దొడ్డి ముందు మూడు కాళ్ల మీద బరువు వేసి నడుస్తున్న చుక్కి కనబడింది. ఇది పెద్దగుట్ట వెనక భుజం. నక్కల చోటని మేకలు ఎప్పుడూ రాని వైపు. పదకొండు వందల యాభై కాయలిచ్చి ఆరు వందల ఒకటో సారి ఎక్కిన సొంత గుట్ట.

వెనక్కి వచ్చి బరువయ్య పక్కన నిలబడ్డాడు. "నీకు తెలుసా?"

"ఇరవై సార్లు మోశాను. తెలియకేం" అన్నాడు గాడిద.

"చెప్పలేదే?"

"నన్నెవరు అడిగారు?"

జంబయ్య తొణకలేదు. తీరిగ్గా ఒక కాయ ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

"తెలిసిపోయిందా. వెళ్లి చెప్పు బాబూ, నేను ఆపను. ఇప్పటికి ముప్పై ఏడుగురిని తెచ్చాను. అందులో తొమ్మిదిమందికి తెలిసింది. ఒక్కరూ చెప్పలేదు. ఎందుకంటావు?"

బొల్లిగాడు పళ్ల సందుల్లోని దూది నాలుకతో తీసుకుంటున్నాడు.

"చెబితే మోసపోయినవాడు. చెప్పకపోతే విదేశం వెళ్లొచ్చినవాడు. ఏది కావాలో నువ్వే చూసుకో. మీ గంభీరయ్య కూడా నమిలి చూశాడు. గింజ ఉమ్మేసి, కొమ్ముకి కట్టుకోవడానికి పెద్ద కుచ్చు చూసి ఇమ్మన్నాడు."

"మామకి తెలుసా?"

"అదే నిమిషం తెలిసింది. కుచ్చుకి పాతిక కాయలు వేరేగా తీసుకున్నాను, కిక్కురుమనకుండా ఇచ్చాడు."

బొల్లిగాడు కాసేపు చెట్లని చూశాడు. గడ్డిని చూశాడు. పెదాలు కదిలాయి, ఏదో లెక్క వేస్తున్నట్టు. తర్వాత మూట విప్పి యాభై కాయలు జంబయ్య ముందు పోశాడు.

"అయితే నాకు రెండు కుచ్చులు ఇవ్వు. రెండు కొమ్ములకీ."

నక్క ఇంతసేపూ ఆపుకున్న నవ్వు నవ్వేశాడు. "గంభీరయ్యని మించిపోయావు. రెండేం, మూడు తీసుకో."

"రెండు చాలు. లెక్క సరిపోవాలి" అన్నాడు బొల్లిగాడు.

నాలుగో రోజు మంద మధ్యకి వచ్చి నిలబడ్డాడు. పంజా గుర్తు వేసిన ఆకు గంభీరయ్య ముందు పెట్టాడు. గంభీరయ్య మొహం చిన్నబోయింది గానీ గడ్డం నిమురుకుని తమాయించుకున్నాడు.

"అయితే వెళ్లొచ్చావన్నమాట."

"నువ్వు వెళ్లిన చోటికే వెళ్లొచ్చాను మామా. నువ్వెక్కిన శిఖరమే. ఇదిగో మంచు, రెండు కొమ్ములకీ. నీ మంచూ నా మంచూ పక్కపక్కన పెట్టి మందకి చూపిద్దామా? కావాలంటే కొంచెం నమిలి కూడా చూపిస్తాను."

"వద్దు" అన్నాడు గంభీరయ్య, మరీ తొందరగా.

"ఎందుకొద్దు?"

"మంచు నమలకూడదు. పళ్లు జివ్వుమంటాయి."

"నాకు జివ్వుమనలేదు. నీకు జివ్వుమందా మామా?"

గంభీరయ్య మింగిన గుటక వెనక వరస దాకా వినబడింది. చుట్టూ చూశాడు. మంద నెమరు ఆపేసి ఆయన్నే చూస్తోంది.

"అన్న మాట అన్నదే" అంటూ తల వంచి గంట తీశాడు. బొల్లిగాడి మెడలో వేస్తూ చెవి దగ్గర గొణిగాడు: "ఒరేయ్, ఎటు తీసుకెళ్లినా సరే, గుట్ట వెనక భుజానికి మాత్రం వద్దురా."

"గడ్డి అక్కడే ఉంది మామా."

"నక్కలుంటాయిరా అక్కడ."

"ఒంటరి మేకకి ఉంటాయి. మనం నూట పన్నెండు మందిమి, అందులో ముప్పై మందికి నీకున్నంతేసి కొమ్ములున్నాయి. నేను అక్కడే లెక్క వేసుకున్నాను. చెట్లు పందొమ్మిది. ఒక్కో చెట్టు కింద దూది ఆరుగురికి మూడు రోజుల మేత. కొమ్మల మీద మిగిలింది చిన్నపిల్లలకి. గడ్డి నెలన్నరకి సరిపోతుంది. విదేశం మాత్రం మూడు రోజుల్లో అయిపోతుంది."

గంభీరయ్య పక్కకి తిరిగి, కొమ్ముకున్న కుచ్చుని రాయికేసి రుద్దుతూ కనిపించాడు.

నీతి కావాలన్నవాళ్లకి ఇక్కడే చెప్పేస్తాను, ఈ తర్వాత బొల్లిగాడికి ఆగే తీరిక లేదు: కొండ ఎక్కించేవాడిని కొండ గురించి అడగండి, ఎన్ని ఏర్లు దాటాడని కాదు.

ఏడో రోజు, గుట్ట వెనక భుజం మీద జంబయ్య కొత్త యాత్రికులు ఐదుగురి కళ్లకి ఆకులు సవరిస్తూ, "ఇక్కడ మనం తప్ప ప్రాణి ఉండదు" అని చెబుతున్నాడు. కింద నుంచి సన్నగా గంట వినబడింది.

"అదేమిటి గైడుగారూ?" అంది ఒక దూడ.

జంబయ్య అంచు దాకా వెళ్లి తొంగి చూశాడు. కింద గుట్ట మొదట్లో నూట పన్నెండు మేకలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాని కళ్లకీ ఆకుల్లేవు. అందరి ముందు బొల్లిగాడు, వాడి పక్కన చుక్కి.

"కాలు నొప్పెడితే చెప్పు, ఆగుదాం" అన్నాడు బొల్లిగాడు.

"నడు అన్నా. ఇప్పుడెన్నోది?"

"ఆరు వందల రెండు" అని ముందు కాలు మొదటి రాయి మీద ఆనించాడు.