రాజుగారి పథ్యం

అనగనగా, రాజులకు కూడా మలబద్ధకం పట్టుకునే రోజుల్లో, మొగలిపురం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజులకూ కడుపు బాధలుంటాయా అని అడగకండి. కిరీటం తలకే గాని పొట్టకు కాదు.

ఆ రాజ్యంలో కోట వాకిట ఒక శాసనం రాయి ఉండేది. పూర్వం పెద్ద కరువు వచ్చి జనమంతా ఆకులూ అలములూ తింటుంటే, అప్పటి రాజు తలుపులు వేసుకుని నేతి బూరెలు తిన్నాడట. ఆయన కొడుక్కి సిగ్గేసింది. తాను గద్దె ఎక్కగానే రాతి మీద ఒక్క మాట చెక్కించాడు: "ఊరు ఏది తింటే రాజూ అదే తినాలి." మంచి మాటే. చెక్కించినవాడి మనసూ మంచిదే. కానీ ఆ మనసు రాతి మీదికి ఎక్కదు కదా.

తరాలు గడిచి, వీరకేతు మహారాజు కాలం వచ్చింది. ఊరంతా వరి అన్నం తినేది, ఆయనా వరి అన్నమే తినేవాడు. ఊరివాళ్ళు వడ్లు ఒక్కసారి దంచి, తవుడు పూర్తిగా పోకముందే వండుకునేవారు. రాజుగారి బియ్యం మాత్రం మూడుసార్లు దంచి మల్లెపూవులా తెల్లగా చేసేవారు. అన్నం అన్నమే కనుక శాసనం తప్పలేదు. ఆ తవుడంతా తిన్న కోట గేదెలు నిగనిగలాడేవి. రాజుగారికి మాత్రం వారానికి ఒకసారో రెండుసార్లో కడుపు కదిలేది. మిగిలిన రోజుల్లో పొట్ట పట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాడి మీదా విసుక్కునేవాడు. నవ్వకండి పిల్లలూ. అలాంటి రాజు కింద బతకడం నవ్వులాట కాదు.

అప్పుడు పడమటి దేశం నుంచి గుణనిధి అనే వైద్యుడు వచ్చాడు. నాడి చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు.

"మహారాజా, తమ బియ్యంలో తెల్లని పిండి తప్ప మరేమీ మిగల్లేదు. పేగుల్ని కదిలించే తవుడంతా గేదెల తొట్టిలోకి పోయింది. ఇకమీదట గోధుమరొట్టె తినండి. పిండి జల్లించకుండా పొట్టుతోనే తినండి. నీళ్ళు బాగా తాగండి. తమ పొట్టకు ఇదే మందు" అన్నాడు.

ఊరివాళ్ళలా ఒక్క దంపు బియ్యం తిన్నా సరిపోయేదేమో. కానీ కూలివాడు తినే అన్నం తినమని రాజుకు చెప్పి ఏ వైద్యుడు పల్లకీ ఎక్కాడు?

నెల తిరక్కుండానే రాజుగారి కడుపు తేలికపడింది. గుణనిధికి పల్లకీ వచ్చింది. అంతా బాగుందనుకునేలోపు సుమేధుడనే మంత్రి శాసనం గుర్తుచేశాడు.

"ఊరు వరి తింటోంది. తమరు గోధుమ తింటున్నారు. ఇది శాసనం మీరడమే అవుతుంది, ప్రభూ."

"అయితే మందు మానెయ్యమంటావా?" అన్నాడు రాజు బెదిరిపోయి.

"ఎంతమాట. తమరు మారనక్కర్లేదు. ఊరిని మారిస్తే చాలు."

రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? మర్నాడే చాటింపు వేశారు. పొలాల్లో గోధుమ చల్లించారు. ఇళ్ళలోని వడ్లూ బియ్యమూ బళ్ళకెత్తించి పొరుగుదేశం తోలి, పంట వచ్చేదాకా బదులుగా గోధుమలు తెప్పించారు. ఊరివాళ్ళు గొణుక్కుంటూ రొట్టెలు కాల్చుకున్నారు. నిజం చెప్పాలంటే, చాలామందికి ఏమీ కాలేదు. కొందరికి ఒళ్ళు కుదురుగా కూడా ఉంది. అందుకే ఎవరూ నోరెత్తలేదు.

ఆ ఊళ్ళో అచ్చమ్మ అని ఒకావిడ తుంగచాపలు అల్లుకుని బతికేది. మొగుడు లేడు. ఆరేళ్ళ కూతురు ఉంది, పేరు పైడి. చెరువులో తుంగ కోసేటప్పుడు తల్లి వెనకాలే నీళ్ళలో గెంతుతూ తిరిగేది. రొట్టెలు మొదలైన కొన్నాళ్ళకు ఆ గెంతులు ఆగిపోయాయి. తిన్నది తిన్నట్టు నీళ్ళ విరేచనమై పోయేది. పొట్ట ఉబ్బింది, కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి.

అచ్చమ్మ మొదట దిష్టి అనుకుని ఉప్పు తీసింది. తర్వాత నులిపురుగులనుకుని వేపరసం పట్టింది. రెండూ పనిచెయ్యలేదు. అప్పుడామెకు అటక మీది చిన్న కుండ గుర్తొచ్చింది. బళ్ళకెత్తినవాళ్ళ కంట పడకుండా మిగిలిపోయిన నూకలున్నాయి అందులో. రొట్టె మాన్పించి నూకల గంజి పోసింది. పది రోజులకు పిల్ల లేచి కూర్చుంది. మళ్ళీ రొట్టె పెడితే మళ్ళీ పడుకుంది. అలా ఒకసారి కాదు, మూడుసార్లు పెట్టి చూసింది, మాన్పించి చూసింది. అక్షరం ముక్క రాని ఆ తల్లి ఏ వైద్యుడూ చెయ్యని పరీక్ష చేసి, నిజం తెలుసుకుంది.

నిజం చెబితే వింటారనుకుంది, పిచ్చితల్లి.

మొదట గ్రామాధికారి దగ్గరికి వెళ్ళింది. "బాబుగారూ, నా పిల్లకి గోధుమ పడట్లేదు. నూకల గంజి పోస్తే తేరుకుంటోంది. కాసిని నూకలు ఇప్పించండి" అంది. ఆయన అంతా శ్రద్ధగా విని, మనుషుల్ని పంపి, ఆ ఉన్న కుండ కూడా ఎత్తించేశాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

రెండోసారి పైడిని భుజాన వేసుకుని గుణనిధి ఇంటికి వెళ్ళింది. ఆయన పిల్ల పొట్ట నొక్కి చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కొన్ని పొట్టలకు గోధుమ పడదు. పొట్టు ఉన్నా అంతే, తీసేసినా అంతే. లోపల పేగు పుండు పడుతుంది. అది మానేస్తే తప్ప తగ్గదు" అన్నాడు మెల్లగా.

"ఆ ముక్క రాజుగారితో చెప్పండి బాబూ."

"నా మందు ఒకరికి పడలేదని నేనే చెప్పనా?" అని ఆయన గుమ్మంలోని పల్లకీ వంక చూశాడు. ఆ చూపు అచ్చమ్మకు అర్థమైంది.

మూడోసారి కోటకే వెళ్ళింది. రాజు ఎదుట పిల్లను నేల మీద పడుకోబెట్టి, "మారాజా, ఊరిని మార్చమనను, చట్టాన్ని మార్చమనను. నా బిడ్డకి పిడికెడు నూకలు ఇప్పించండి" అంది.

రాజుకు జాలేసింది. మంత్రి వైపు చూశాడు. "ఒక్కరిని వదిలితే శాసనానికి విలువేముంటుంది ప్రభూ?" అన్నాడు సుమేధుడు. రాజు గుణనిధి వైపు చూశాడు. గుణనిధి ఉంగరం సర్దుకున్నాడు.

"నేను మాత్రం ఇష్టపడి తింటున్నానా తల్లీ? అందరం ఒకటే తింటున్నాం. ఓర్చుకో" అన్నాడు రాజు.

పైడి వైశాఖంలో చచ్చిపోయింది. రొట్టె ముక్క నీళ్ళలో నానబెట్టి తల్లి నోటికందిస్తే, "వద్దమ్మా, నొప్పి" అంది. అవే ఆఖరి మాటలు.

కార్తీకంలో చెరువు గట్టున నివ్వరి పండింది. అంటే ఎవరూ చల్లకుండా నీళ్ళలో తనంతట తాను మొలిచే అడవి వరి. పిడికెడు కాదు, చాటెడు గింజలు రాలాయి. తుంగ కోయడానికి వెళ్ళిన అచ్చమ్మ వాటిని చూసి, గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత, ఎవరి కోసమో తనకే తెలియకుండా, గింజలు దులిపి ఇంటికి తెచ్చి దాచుకుంది.

మరుసటేడు కోటలో రాజుగారి మనవరాలు హేమకు మూడేళ్ళు నిండాయి. పాలు తగ్గించి రొట్టె అలవాటు చేశారు. నాలుగు నెలలకు ఆ పిల్ల పొట్ట ఉబ్బింది. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి.

ఈసారి గుణనిధి ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "గోధుమ పడటం లేదు మహారాజా, వెంటనే మాన్పించాలి."

"మరి శాసనం?" అన్నాడు రాజు.

"రోగి పథ్యానికి శాసనం అడ్డు రాదు ప్రభూ" అన్నాడు సుమేధుడు, తడుముకోకుండా.

రాజు వెంటనే బియ్యం కోసం బళ్ళు పంపాడు. మంత్రిని తప్పుపట్టడానికి ఆయనకు మాత్రం ముఖం ఎక్కడుంది?

పొరుగుదేశం నుంచి బియ్యం రావాలంటే పది రోజులు పడుతుంది. పిల్ల అన్నాళ్ళు ఆగేలా లేదు. అచ్చమ్మ ఇంట్లో నివ్వరి ఉందని ఎవరో చెబితే, గుణనిధి పల్లకీ ఆమె గుమ్మం ముందు దిగింది. ఆమె ఇవ్వదనుకున్నారందరూ. ఆమె గింజలు దంచి, చెరిగి, మూట కట్టుకుని, పల్లకీ ఎక్కకుండా నడిచి కోటకు వచ్చింది. "పిల్ల ఏం చేసింది పాపం" అంది, అంతే. పల్చగా గంజి కాచి, ఉప్పురాయి వేసి, చెంచా చెంచాగా పోసింది. పొరుగుదేశం బియ్యం వచ్చేదాకా కదలకుండా దగ్గరే కూర్చుంది. మూడో వారానికి హేమ లేచి పరిగెత్తింది.

రాజు బంగారం ఇస్తానన్నాడు. అచ్చమ్మ తల అడ్డంగా ఊపింది. చెరువు కింద మాన్యం ఇస్తానన్నాడు. మళ్ళీ ఊపింది. కోటలోనే ఉండిపొమ్మన్నాడు. దానికీ ఊపింది.

"మరి ఏం కావాలి తల్లీ?"

"అప్పుడు అడిగిందే మారాజా. పిడికెడు నూకలు."

పరుగున తెచ్చి ఆమె కొంగులో పోశారు. ఆమె వాటిని కాసేపు చూసి, తలెత్తింది.

"రాజుకి ఒంట్లో బాగాలేదు, కొన్నాళ్ళు వేరే కూడు తింటాడు అని చాటింపు వేసుంటే మేం కాదందుమా, మారాజా? మీ ఒక్కరి పథ్యం కోసం ఊరందరి కంచాలూ మార్చారు. నా పిల్ల పథ్యానికి మాత్రం శాసనం అడ్డొచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఈ నూకలు ఎవరికి వండను?"

అచ్చమ్మ బయటికి వచ్చి, శాసనం రాయి మొదట్లో కొంగు దులిపేసి వెళ్ళిపోయింది. పిచ్చుకలు వచ్చి తిన్నాయి. వాటిని ఏ అధికారీ పట్టుకోలేదు.

తర్వాత ఆ రాతి మీద ఇంకో వరుస చెక్కించారు: "రోగికి ఈ శాసనం లేదు." చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి. అచ్చమ్మ ఆ దారిన రోజూ తుంగమోపుతో వెళ్ళేది. అక్కడ ఏం రాసుందో ఎవరినీ అడగలేదు.

కాబట్టి పిల్లలూ, అందరికీ ఒకే ముద్ద పెట్టడం న్యాయం కాదు. ఏ కడుపు ఏం చెబుతోందో విని పెట్టిందే అన్నం.