గింజకు పలకరింపు

కుంకుళ్ల కోన అనే అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, నెమళ్లు, ముళ్లపందులు కాపురం ఉండేవి. కోన మధ్యగా ఒక వాగు పారేది. ఆ వాగుకు కాస్త ఎగువన, బండరాళ్ల కింద గుహలో ఒక రేచుకుక్కల కుటుంబం ఉండేది. రేచుకుక్కలంటే ఎర్రని ఒళ్లు, నల్లని కుచ్చుతోక ఉండే అడవి కుక్కలు. దూరంగా ఉన్నవాళ్లను పిలవాలంటే అవి ఈల వేస్తాయి.

ఆ కుటుంబంలో నలుగురు. తండ్రి కొండడు, తల్లి తంగేడు, వాళ్ల కొడుకు ఉరుము, తంగేడుకు అక్క అయిన మోదుగ. మోదుగ వయసులో పెద్దది. ఒక చెవి చిరిగి ఉంటుంది. మాట తక్కువ.

ఉరుము మాత్రం అలా కాదు. దాని గొంతు పెద్దది, అందుకే ఆ పేరు. పరుగులో దానికి ఎవరూ సాటి లేరు. దుప్పిని తరిమినా, వాగును ఈదినా అదే ముందు. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే ఉరుమే వెళ్లి చెప్పి వచ్చేది.

వానలు మొదలైన రోజుల్లో కొండ అవతలి నుంచి ఒక చెడ్డ కబురు వచ్చింది. అక్కడ ఉండే తంగేడు చెల్లెలు చిరుతపులి బారిన పడింది. పిల్లల్లో ఒక్కటే బతికింది. కబురు విన్న వెంటనే తంగేడు బయలుదేరింది. మర్నాడు మధ్యాహ్నం పిల్లను మెడ దగ్గర నోట కరుచుకుని తిరిగి వచ్చింది. పిల్ల చింతగింజ రంగులో ఉంది. ఇంచుమించు అంతే గట్టిగా ముడుచుకుని ఉంది. మోదుగ దాన్ని చూసి "గింజ" అంది. అదే పేరు అయింది.

గింజను కింద దింపారో లేదో, ఉరుము ఎగిరి ముందుకు దూకింది.

"చెల్లీ, నేను మీ అన్నయ్యను. రా, వాగు చూపిస్తాను. రా, రా" అంటూ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ముక్కుతో ఒకసారి పొడిచింది.

గింజ గుహ మూలలోకి పారిపోయింది. అక్కడ గోడకు అతుక్కుని వణకసాగింది.

"ఇవాళ దాన్ని ఎవరూ పలకరించకండి" అంది మోదుగ. ఒక మాంసం ముక్క తెచ్చి మూలకు కాస్త దూరంలో పెట్టింది. తర్వాత గింజ వైపు వీపు పెట్టి, తోక వెనక్కి చాపి పడుకుంది. అంతే. ఒక్క మాట మాట్లాడలేదు.

ఉరుముకు అది ఏమాత్రం నచ్చలేదు. తల్లి లేని పిల్ల ఇంటికి వస్తే వీపు చూపించడమా? "పెద్దమ్మా, ఇదేం పలకరింపు?" అని అడిగింది.

"అది భయపడి ఉంది నాయనా. ముందు మన వాసన అలవాటు కానీ. తర్వాత మాటలు."

"నాకు వదిలెయ్యి. మూడు రోజుల్లో దానికి వాగు ఈదడం నేర్పిస్తాను."

మోదుగ కళ్లు మూసుకుంది. ఉరుము విసురుగా బయటికి వెళ్లి, దారిలో కనబడిన ఎలుగుబంటికి, నెమలికి, కొండముచ్చులకు అదే మాట చెప్పింది. "ఎల్లుండి మధ్యాహ్నం రండి. మా చెల్లెలు వాగు ఈదుతుంది, చూద్దురుగాని."

మరునాడు మాంసం ముక్క మాయమైంది. సాయంత్రానికి గింజ రెండడుగులు ముందుకు వచ్చి మోదుగ తోక వాసన చూసింది. అది చూసి ఉరుముకు సంతోషం ఆగలేదు. "అదిగో, వచ్చేసింది" అని గట్టిగా అరిచి దూకింది. గింజ మళ్లీ మూలకు పోయింది. ఆ సాయంత్రం ఇక బయటికి రాలేదు.

"రేపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి" అంది మోదుగ. తిట్టలేదు. అయినా ఉరుముకు ఎక్కడో గుచ్చుకుంది. పెద్దమ్మకు తన చురుకు చూస్తే ఓర్వలేనితనం అనుకుంది.

మూడో రోజు ఇంట్లో తిండి అయిపోయింది. పెద్దవాళ్లు ముగ్గురూ వేటకు వెళ్లాలి. పిల్లకు కాపలా ఎవరు? "నేనుంటాను" అంది ఉరుము.

మోదుగ వెళ్లబోతూ ఆగి చెప్పింది. "గుహ ముందు పడుకో, చాలు. అదే వస్తే రానీ. నువ్వు దాని దగ్గరికి వెళ్లకు."

ఉరుము తల ఊపింది. కాసేపు నిజంగానే పడుకుంది. కానీ మధ్యాహ్నం కాగానే ఎలుగుబంటి వచ్చింది. నెమలి వచ్చింది. వెనకాలే కొండముచ్చుల గుంపు వచ్చి చెట్టు కొమ్మల మీద వరసగా కూర్చుంది.

"ఏది మీ చెల్లెలు? ఈదడం నేర్చుకుందా?" అని అడిగింది ఒక కొండముచ్చు.

ఇంతమంది వచ్చాక కాదని ఎలా చెప్పడం? ఉరుము లోపలికి వెళ్లి, గింజను మెడ పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. గింజ భయంతో నిలబడ్డ చోటే తడిపేసింది. కొండముచ్చులు కిచకిచమని నవ్వాయి. ఒకటి పండు విసిరింది. ఎలుగుబంటికి మాత్రం నవ్వు రాలేదు. "పసిది, వదిలెయ్యి బాబూ" అని చెప్పి తన దారిన వెళ్లిపోయింది.

ఉరుముకు తల కొట్టేసినట్టయింది. గింజను అలాగే మోసుకుని వాగు దగ్గరికి వెళ్లి, మోకాలి లోతు నీళ్లలో వదిలింది. "కాళ్లాడించు. అదేమీ కష్టం కాదు."

గింజ మునిగింది. తేలింది. ఎలాగో గట్టు పట్టుకుంది. ఉరుము "భేష్" అనేలోపే ఒళ్లు దులుపుకోకుండా పొదల్లోకి పరుగు తీసింది.

"ఎక్కడికి పోతుందిలే" అనుకుంది ఉరుము. పొదలో చూసింది, లేదు. పక్క పొదలో చూసింది, అక్కడా లేదు. గుహకు పరుగెత్తి చూసింది, మూల ఖాళీగా ఉంది. అప్పటికి మబ్బులు కమ్మాయి. తమాషా అయిపోయిందని కొండముచ్చులు వెళ్లిపోయాయి. వాన చినుకులు మొదలయ్యాయి.

ఉరుముకు మొదటిసారి భయం వేసింది. ఎగువన వాన పడితే ఆ వాగు ఎంత త్వరగా పొంగుతుందో దానికి తెలుసు. చిరుతపులి నోటి నుంచి తప్పించుకున్న పిల్ల, తన చేతుల్లో పడి ఏమైపోతుందో అనుకుంది. తలెత్తి ఈల వేసింది. ఒకసారి, రెండుసార్లు, గొంతు నొప్పి పుట్టే దాకా వేసింది. ఎవరూ పలకలేదు.

చివరికి గట్టు బురదలో చిన్న చిన్న అడుగులు కనిపించాయి. అవి ముళ్లపంది సూదయ్య బొరియ దాకా వెళ్లి ఆగాయి.

"గింజా, బయటికి రా. నేను, అన్నయ్యను" అని ఉరుము బొరియలోకి అరిచింది. లోపల చిన్న మూలుగు వినిపించింది. మరుక్షణం ఆ మూలుగు ఇంకా దూరమైంది. ఉరుము ఆగలేక తల లోపలికి దూర్చింది.

లోపల సూదయ్య ఉన్నాడు. ఎవరో ఇంట్లోకి చొరబడ్డారని వెనక్కి తిరిగి ముళ్లు విప్పాడు. నాలుగు ముళ్లు ఉరుము ముక్కులో దిగాయి. ఉరుము కుయ్యోమంటూ వెనక్కి పడింది.

సూదయ్య బయటికి వచ్చి చూశాడు. "నువ్వా? మీ పిల్ల నా వెనక అరలో ఉంది. నువ్వు పిలిచే కొద్దీ లోపలికి పోతోంది. ఆ అర పల్లంలో ఉంటుంది అబ్బాయీ. వాన పెరిగితే నీళ్లు చేరతాయి. నేను చెప్పి చూశాను, నా ముళ్లు చూసి ఇంకా బెదిరింది."

అంతలో ఈలలు విని పెద్దవాళ్లు ముగ్గురూ పరుగున వచ్చారు. నోట వేట లేదు, ఎక్కడో వదిలేసి వచ్చారు. ఉరుము జరిగింది జరిగినట్టు చెప్పింది. అబద్ధం చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది కానీ, తల్లి ముఖం చూసి చెప్పలేకపోయింది.

తిట్టడానికి ఎవరికీ తీరిక లేదు. కొండడు గోళ్లతో తవ్వడం మొదలుపెట్టాడు. రెండు పిడికిళ్ల మట్టి తీశాడో లేదో పైనుంచి నాలుగు పిడికిళ్లు జారిపడింది.

"ఆపు" అంది మోదుగ. "తవ్వితే కప్పు కూలుతుంది. దానంతట అదే రావాలి." తర్వాత ఉరుము వైపు తిరిగింది. "నువ్వు ఆ నేరేడు చెట్టు దాటి అవతలికి వెళ్లు."

"నేను సాయం చేస్తాను పెద్దమ్మా. నా కంటే వేగంగా ఎవరూ..."

"నీ గొంతు విన్నా, నీ వాసన తగిలినా అది రాదు. నువ్వు చెయ్యగలిగిన సాయం అదే. వెళ్లు."

ఉరుము వెళ్లింది. వాన జోరందుకుంది. ముక్కు మంట కంటే ఆ మాట ఎక్కువ మండింది. అడవిలో అందరికంటే ముందుండే తను, చెట్టు చాటున నిలబడి చూడడం తప్ప ఏమీ చెయ్యలేని పరిస్థితి.

అక్కడి నుంచి మోదుగ వీపు కనిపిస్తోంది. కొండడినీ తంగేడునూ కూడా పక్కకు పంపి, అది ఒక్కతే బొరియకు వీపు పెట్టి బురదలో పడుకుంది. తోక మాత్రం లోపలికి చాపింది. గొంతులో సన్నగా, నిద్రపుచ్చేటప్పుడు తల్లులు చేసే చప్పుడు చేస్తోంది. పిలవలేదు. వెనక్కి చూడలేదు.

నీళ్లు సన్నని పాయలా బొరియలోకి పోవడం ఉరుముకు కనిపించింది. పాయ లావైంది. మోదుగ కదల్లేదు. ఒక్కసారి పెద్దగా పిలిస్తే వచ్చేస్తుందేమో అని ఉరుముకు నోటి దాకా వచ్చింది. పళ్లు బిగించి ఊరుకుంది. అది పుట్టిన తర్వాత అంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు.

చాలాసేపటికి మోదుగ తోక కొంచెం కదిలింది. ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు కదిలింది. తర్వాత బురద ముద్ద ఒకటి, తోక కొసను పళ్లతో గట్టిగా పట్టుకుని, మెల్లగా బయటికి వచ్చింది. దానికి రెండు చెవులు ఉన్నాయి. అది గింజే.

తంగేడు పరుగెత్తి వచ్చి ఆ బురదంతా నాకింది. కొండడు ఒక్క నిట్టూర్పు విడిచాడు. చెట్టు అవతల ఉరుము ఉన్నచోటే చతికిలబడింది. వానలో దాని కన్నీళ్లు ఎవరికీ కనిపించలేదు. కనిపించినా దానికి సిగ్గనిపించేది కాదు.

ఆ సాయంత్రం తంగేడు ఉరుము ముక్కులోని ముళ్లను పళ్లతో ఒక్కొక్కటే లాగింది. ముక్కు గుమ్మడికాయలా వాచింది. వారం రోజులు ఉరుము వేటకు వెళ్లలేకపోయింది. మిగిలినవాళ్లు తెచ్చింది తిని, కొండముచ్చుల వెక్కిరింతలు విని ఊరుకుంది. ఈ లోపల గింజ మోదుగ వెంట వాగు దాకా నడిచింది, నీళ్లు తాగింది, దాని పొట్ట కింద దూరి నిద్రపోయింది. ఆ తర్వాత సూదయ్యతో సహా అందరూ, ఇంట్లో పసివాళ్లకు ఏం జరిగినా మోదుగ దగ్గరికే వచ్చి సలహా అడిగేవారు.

ఒకరోజు ఉరుము కూడా అడిగింది. ఆ అడగడం దానికి కొత్త. "పెద్దమ్మా, అది నన్ను చూస్తే ఇంకా దాక్కుంటోంది. నేనేం చెయ్యాలి?"

"దాని దారికి అడ్డం లేకుండా పడుకో."

"ఎన్నాళ్లు?"

"అది గింజకే తెలియాలి" అంది మోదుగ.

ఉరుము రోజూ గుహ బయట ఒక పక్కగా పడుకోసాగింది. ఎవరైనా వస్తే గొంతు తగ్గించి మాట్లాడేది. మొదటి రోజు గింజ దూరం నుంచి చూసి వెళ్లిపోయింది. ఎనిమిదో రోజు ఉరుము వెనక కాలి వాసన చూసింది. ఉరుము తల తిప్పలేదు.

పదకొండో రోజు పొద్దున ఎండ కాసింది. గింజ నడుచుకుంటూ వచ్చి, ఇటూ అటూ చూసి, ఉరుము ముందుకాళ్ల మధ్య చుట్టగా పడుకుంది. క్షణంలో నిద్రపోయింది. దాని పొట్ట పైకీ కిందికీ ఆడుతుంటే ఉరుము కళ్లప్పగించి చూసింది.

కొండడు వేటకు రమ్మని పిలిచాడు. ఉరుము పలకలేదు. ఎర్రచీమలు బారుగా వచ్చి దాని పాదం ఎక్కాయి. ఒకటి కుట్టింది. ఇంకొకటి కుట్టింది. ఉరుము కాలు కదపలేదు.

నీతి: కొత్తగా ఇంటికి వచ్చినవారికి మన ఆర్భాటం కంటే మన ఓపికే అసలైన ఆహ్వానం. నమ్మకం లాక్కొస్తే రాదు, ఎదురుచూస్తే దానంతట అదే వస్తుంది.