బావికి తోడు, ట్యాంకుకి ముగ్గు

మేడిశెట్టి వారింట్లో తెలివి గడప దాటి వీధిలోకి పొర్లిపోతోందని వాళ్ళ నమ్మకం. ఉండేది ముగ్గురే. దొరయ్య, అతని భార్య మంగాయమ్మ, తమ్ముడు తాతబ్బాయి. అందులో మంగాయమ్మ మిగతా ఇద్దరికంటే రెండాకులు ఎక్కువే చదివిందని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఊళ్ళోవాళ్ళని ఎవరూ అడగలేదు.

అంత తెలివిగల మనిషికీ ఒక దిగులుండేది. వీళ్ళు అద్దెకుంటున్న ఇంటావిడ బావి గిలక విప్పి తన మంచం కింద దాచుకునేది. నీళ్ళు తోడాలంటే ఆవిడ నిద్ర లేచేదాకా ఆగాలి. ఎవరినీ అడక్కుండా తన బావిలో తను చేద వేసుకోవాలి, మంగాయమ్మకి ఇంకేం అక్కర్లేదు. అందుకే పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన పాపయ్య గారు బావి ఉన్న ఇల్లు అమ్ముతున్నారని తెలియగానే ముగ్గురూ అప్పు కోసం బ్యాంకుకి పరిగెత్తారు.

బావి నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించాలనీ, సెప్టిక్ ట్యాంకు బావికి దూరంగా ఉండాలనీ, తమ ఇంజనీరు వచ్చి రెండూ మూత తీసి చూసి బాగున్నాయంటేనే అప్పనీ మేనేజరు చెప్పాడు. పాపయ్య గారు అప్పటికే కూతురింటికి మారిపోయారు. తాళంచెవి వీళ్ళ చేతిలో పెట్టి, మీ తిప్పలు మీరు పడండి అన్నారు. ఇంకేముంది, పడ్డారు.

ముందు సీసాడు నీళ్ళు ల్యాబుకి పట్టుకెళ్ళారు. ల్యాబాయన పరీక్ష చేసి, ఈ నీళ్ళు భేషుగ్గా ఉన్నాయి, నిశ్చింతగా తాగండని మిగిలిన నీళ్ళు సీసాతో సహా తిరిగిచ్చాడు. దారిలో తాతబ్బాయికి అనుమానమొచ్చింది.

"ఆయన బాగున్నాయన్నది సీసాలో నీళ్ళని. బావిలో నీళ్ళ సంగతి ఎవరు చెప్పారు వదినా?"

మంగాయమ్మ సీసా ఎండకెత్తి చూసి, "కడవెడు పాలకి చెంచాడు పెరుగు చాలదూ?" అంది. అంతే, ఆ సాయంత్రం సీసాలో నీళ్ళు బావిలో తోడు వేసి, చేదతో నిదానంగా కలిపి, పైన మూత పెట్టింది. తోడుకునేదాకా పెరట్లో ఎవరూ దబదబ నడవకూడదంది. దొరయ్య మునివేళ్ళ మీదే తిరిగాడు. తెల్లారి చూస్తే నీళ్ళు పలచగానే ఉన్నాయి. పెద్ద బావి కదా, నెమ్మదిగా తోడుకుంటుందిలే అని సరిపెట్టుకున్నారు.

తర్వాత దూరం సంగతి. ట్యాంకుకీ బావికీ మధ్య దూరం బాగానే ఉంది. ఇంకాస్త ఉంటే పోయిందేముందనిపించింది తాతబ్బాయికి. దూరమనేది నడిచే దారిని బట్టి ఉంటుందని చెప్పి, రెంటికీ మధ్య గోడ నుంచి గోడకి తాటాకు దడి కట్టేశాడు. ఇక ట్యాంకు దగ్గర్నుంచి బావికి రావాలంటే ఇల్లంతా చుట్టి రావాలి. మురుక్కి అంత ఓపిక ఎక్కడుంటుందని మంగాయమ్మ మరిదిని మెచ్చుకుంది.

ఇక మిగిలింది ట్యాంకు. పెద్దమనిషి ఇంటికొచ్చి మూత తీసి చూస్తాడంటే, చూసేది అదా? మంగాయమ్మకి తల కొట్టేసినట్టయింది. మురుగు తోడే ట్యాంకరు నడిపే అబ్బులుని పిలిచి మొత్తం తోడించేసింది. లోపలి గోడలు కడిగించి, మూత మీద ముగ్గేసి, నాలుగు బంతిపూలు పెట్టింది. అప్పుడు దొరయ్య నోరు విప్పాడు. శుభమా అని వచ్చేవాడికి ఖాళీ కుండ ఎదురు పెట్టకూడదన్నాడు. అందులోనూ ఇంత పెద్ద కుండ. అంతే, ముగ్గురూ చేదలూ బిందెలూ పట్టారు. దడి తామే కట్టుకున్నారు గనక ప్రతి బిందెతోనూ ఇల్లు చుట్టి వచ్చారు. ట్యాంకు నిండేసరికి బావి అడుగు కనిపించింది.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. బంతిపూలు పక్కకి జరిపి మూత తీస్తే, నీళ్ళలో ఆయన మొహం ఆయనకే కనిపించింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి గానీ బావి ఇంత చిన్నదేమిటని అడిగాడు. అది బావి కాదు బాబు గారూ, సెప్టిక్ ట్యాంకు అని మంగాయమ్మ వినయంగా చెప్పి, ఇల్లు చుట్టి ఆయన్ని బావి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తొంగి చూశాడు. అడుగు నుంచి ఒక కప్ప ఆయన్ని చూసింది.

నీళ్ళు లేని బావికి అప్పు రాయలేనన్నాడు. మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంటావిడ సంగతీ, మంచం కింద గిలక సంగతీ అన్నీ చెప్పుకుంది. ఇంజనీరు మనసు కరిగింది. పాపం, మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

"ఏడవకమ్మా. బావిలోవి బావిలో ఉండాలి, ట్యాంకులోవి ట్యాంకులో ఉండాలి. ఎక్కడివక్కడ ఉంటే సోమవారం వచ్చి సంతకం పెడతాను."

ఇంకేముంది, ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ట్యాంకులో నీళ్ళన్నీ తోడి, మళ్ళీ ఇల్లు చుట్టి బావిలో పోశారు. సగం పని అయింది. మిగతా సగం కోసం మంగాయమ్మ ఆటోలో కడవలు వేయించి, అబ్బులు ట్యాంకరు ఖాళీ చేసే చోటికి, అన్నదమ్ములిద్దరినీ వెంటబెట్టుకుని ఊరవతలికి వెళ్ళింది. మావి మాకిచ్చెయ్యి నాయనా అంది.

అబ్బులు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఊరందరివీ ఇక్కడే పోశానమ్మా. అందులో మీవి ఏవో ఎవరు గుర్తుపడతారు?"

న్యాయమైన మాటే. పైగా ఆ ఇంట్లో వీళ్ళు ఒక్క పూటైనా కాపురం చెయ్యలేదు, వీళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది? అన్నదమ్ములు నీరుగారిపోయారు. మంగాయమ్మ మొహం మాత్రం వెలిగింది. రెండాకులు ఎక్కువ చదివింది ఊరికే పోతుందా.

కాసేపటికి ఆటో మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం నిద్రలోంచి లేపుకొచ్చిన పాపయ్య గారిని తాతబ్బాయి రెక్క పట్టుకుని దింపాడు. ఎందుకొచ్చారో ఆయనకి ఇంకా తెలియదు. మంగాయమ్మ ఆయన కళ్ళజోడు కొంగుతో తుడిచి చేతికిచ్చింది.

"ఊరందరి ఉత్తరాల్లోంచీ ఎవరివి వాళ్ళకి విడదీసిన చెయ్యి మీది. మొహమాటపడకుండా చూసి, మీవి ఏవో చూపించండి చాలు. కడవల్లోకి మేం ఎత్తుకుంటాం."