గోటికి తగిలిన మెట్టు

రండి తల్లీ, రండి బాబూ, ఇంకాస్త ముందుకు జరిగి కూర్చోండి. వెనకనున్న పెద్దమ్మకీ వినబడాలి. మత్స్యమై అవతరించిన స్వామిని ఒక్కసారి తలుచుకోండి, ఇది నీళ్లలో బతికేవాళ్ల కథ.

అడవి అంచున ఒక కుంట. అందులో కొరమీను పైడమ్మ, ఆమె పిల్లలు. ఎండాకాలం కుంట ఇంకిపోకుండా వాగులోంచి నీళ్లు తోడేది ఒక పాత డీజిల్ ఇంజను. ఎవరో వాడి వదిలేస్తే ఎద్దు అప్పలసామి బండిమీద లాక్కొచ్చాడు. దాని బాగోగులన్నీ అతనివే.

ఆ ఏడు మాఘంలోనే ఇంజను మొరాయించింది. హ్యాండిల్ ఎంత తిప్పినా ఓ పట్టాన అందుకోదు. అందుకుంటే ఒకటే నీలం పొగ. పోసిన ఆయిలంతా తాగేస్తోంది.

“అన్నయ్యా, ఎండలు ముదిరేసరికి బాగవుతుందా? నా పిల్లలు ఇంకా పసివాళ్లు,” అంది పైడమ్మ.

“నేనున్నాను కదమ్మా!” అన్నాడు అప్పలసామి.

మెకానిక్కు పని తెలిసినవాడు నక్కబావ ఒక్కడే. వచ్చి హెడ్డు విప్పాడు. గాడిద గవరయ్య తొంగిచూసి అప్పలసామితో అన్నాడు:

“పిస్టను ఆడే ఈ బోరు గొట్టం అరిగిపోతే, పిస్టను చుట్టూ ఉండే రింగులు మార్చినా దండగేనన్నా. మొత్తం దించి, లైనరూ పిస్టనూ కొత్తవి వేసి కట్టిద్దాం. కుంట నిండుగా ఉంది, నెల్లాళ్లు పట్టినా పర్లేదు.”

“అరిగిందో లేదో గోరు చెబుతుంది,” అన్నాడు నక్కబావ. “బోరు పైఅంచు కింద గీస్తే మెట్టులా తగలొచ్చు. తగిలితే అరిగినట్టు. మీ ఇద్దరివీ గిట్టలాయె. తప్పుకోండి!”

పంజా లోపలికి దూర్చాడు. గీస్తూ గీస్తూ ఉంటే ఒకచోట గోరు ఠక్కున ఆగింది. అప్పలసామి అది చూశాడు.

“అద్దంలా ఉంది బావా! రింగులు చాలు,” అన్నాడు నక్కబావ.

“ఉడతని పిలుద్దాం. దానికీ గోళ్లున్నాయి,” గొణిగాడు గవరయ్య.

అప్పలసామికీ ఆ మాటే నోటిదాకా వచ్చింది. నక్కబావ మూతి ముడిచాడు. “ఓహో, నా గోరు మీద నమ్మకం లేదా? నీ మెడ పుండుకి ఆకుపసరు పోసిన గోరేగా ఇది!”

“ఛఛ, ఎంతమాట బావా! రింగులే వెయ్యి.”

“అన్నా…”

“ఊరుకో గవరయ్యా, బావ నొచ్చుకుంటాడు.”

“బావ నొచ్చుకుంటే బతిమాలుకుందాం. ఇంజను నొచ్చుకుంటే ఎవరిని బతిమాలతావు?”

రింగులు పడ్డాయి, చిక్కటి ఆయిలు పడింది, పొగ ఆగింది. అప్పలసామి ఇంజనుకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

వైశాఖం ఎండల్లో ఒక పొద్దున అది దగ్గి, దగ్గి, ఆగిపోయింది. ఇక హ్యాండిల్ ఎంత తిప్పినా దమ్ము పట్టలేదు. మొత్తం దించి కట్టడానికి నెల కావాలి. కుంటకి నెల లేదు.

పసివాళ్లు వాగు వడికి ఆగరని, అప్పలసామి కావిడి భుజానేసుకుని వాగునుంచి కుండలతో నీళ్లు మోశాడు. పోసినవి పోసినట్టే నేల తాగేసింది. పిల్లల్ని మిగిలిన మడుగులోకి తోసి, చోటు చాలక పైడమ్మ పక్కనే బురదలో దూరింది. అతను మరో కావిడికి వెళ్లొచ్చేసరికి బురద తవ్వేసి ఉంది. నక్కబావ మూతి తుడుచుకుంటున్నాడు.

“అద్దంలా ఉందన్నావు!”

“అన్నాను. ఉడతని వద్దన్నది నువ్వే కదా బావా.”

అప్పలసామికి ఇక వేరే దారి లేదు. పిల్లల్ని కుండలోకి ఎత్తి, తీసుకెళ్లి వాగులో వదిలాడు.

“మావయ్యా, అమ్మేదీ?”

ఎక్కడికో ఈదుకుంటూ వెళ్లిందని చెప్పొచ్చు. పిల్లలు నమ్ముతారు కూడా. అతను మోకాళ్లు వంచి, మొహం నీళ్లదాకా దించాడు.

“మీ అమ్మ లేదమ్మా. అడగాల్సిన మాట ఒకటుంది. నేను మొహమాటపడి అడగలేదు. అందుకే లేదు.”

వాళ్లకేం తెలుస్తుంది! నీడ కనబడితే అతని కాళ్ల చుట్టూ చేరారు.

లేచేముందు ఒక్కమాట నాయనా. తల్లిలేని పిల్లల ముందు తల దించి నిజం చెప్పాడే, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పండి. అడగాల్సినచోట మనం మొహమాటపడితే, అనుభవించేది మనల్ని నమ్ముకున్నవాళ్లు.