గూటిమీద గోరువంకలు

అనగనగా ఒక అడవిలో ముందు నిప్పు వచ్చిందా, ముందు గొడవ వచ్చిందా? ఈమధ్య నాకు ఇలాంటివి తారుమారవుతున్నాయి పిల్లలూ. ఆగండి, ఆలోచించి చెబుతాను. ముందు నిప్పే వచ్చింది. నేను ఎక్కడైనా వరస తప్పితే నన్ను ఆపండి. ఈ కథలో వరసే ముఖ్యం.

ఎండాకాలం. వెదురుకు వెదురు రాసుకుని నిప్పు పుట్టింది. మూడు రోజులు అడవి కాలింది. వాగుకు అవతల గట్టు అంతా బూడిదైంది. ఇవతల గట్టు మిగిలింది. మిగిలిన ఆ గడ్డిలోనే కౌజుపిట్ట తవిటమ్మ ఏడు గుడ్లు పెట్టింది. అంతకుముందు పెట్టిన గుడ్లన్నీ నిప్పుకు పోయాయి. అందుకే ఈ ఏడింటి మీద దానికి అంత ప్రాణం. మేతకు వెళ్ళినా మెడ గూటివైపే తిప్పి ఉండేది.

తవిటమ్మ పొరుగున కుందేలు దూదమ్మ ఉండేది. నిప్పులో దాని కూతురి కళ్ళ మీది చర్మం కాలిపోయింది. రెప్పలు అతుక్కుపోయాయి. పిల్లకు ఎదుట ఉన్న గడ్డిపరక కూడా కనిపించేది కాదు. తల్లి మెత్తగా నమిలి నోట్లో పెడితే తినేది.

ఆ అడవికి వైద్యుడు అలుగు. పేరు పెంకయ్య. ఒళ్ళంతా పెంకులు, నోట్లో మాత్రం పళ్ళు లేవు. ఆయన ఒక కొత్త మందు కనిపెట్టాడు.

"గుడ్డులో పచ్చసొన మీద చిన్న తెల్ల చుక్క ఉంటుంది," అన్నాడు పెంకయ్య. "అది ఇంకా ఏదీ కాలేదు. రెక్క కావచ్చు, కన్ను కావచ్చు, కాలిగోరు కావచ్చు. దాన్ని తీసి కాలిన చోట రాస్తే, అక్కడ ఏది పోయిందో అదే అవుతుంది. తల్లి వదిలేసిన చల్లటి గుడ్డు చాలు నాకు. వెచ్చటి గుడ్డు నేను ముట్టను."

ఈ మాట విని అడవి రెండుగా చీలింది.

పెద్ద ఇప్పచెట్టు కింద సభ పెట్టారు. దుప్పి కొమ్ములయ్య ఆ అడవికి పెద్ద. ఆయన మధ్యలో కూర్చున్నాడు. కాలినవాళ్ళు ఒక పక్క, గుడ్లు పెట్టేవాళ్ళు ఒక పక్క నిలబడ్డారు. గుడ్లు పెట్టేవాళ్ళ తరపున తవిటమ్మ మాట్లాడింది.

"ఆ చుక్క ఇంకా ఏదీ కాలేదని వైద్యుడు అంటున్నాడు. పిల్ల కాదని ఎవరు చెప్పారు? ఇవాళ చల్లటి గుడ్లు అంటారు. అవి అయిపోయాక, వెచ్చటి గుడ్లు చల్లబడే దాకా తల్లిని గూటి దగ్గరికి రానివ్వరు. అప్పుడు ఎవరిని అడగాలి?"

దూదమ్మ చెవులు దించుకుని అంది. "తవిటమ్మ వదినా, నీ మాట తోసెయ్యను. కానీ నా పిల్ల కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఎవరికీ పనికిరాక వాగు ఒడ్డున మురిగిపోయే గుడ్డు నా పిల్లకు చూపు ఇస్తే, అది తప్పా?"

"నీ పిల్ల కోసం నేనూ ఏడుస్తున్నాను. ఏడుపు వేరు, న్యాయం వేరు."

"కళ్ళున్నవాళ్ళకు వేరుగానే కనిపిస్తాయి వదినా."

ఆ రోజు తేలలేదు. మర్నాడూ తేలలేదు. మూడో రోజున ముంగిస రోషయ్య లేచాడు. రోషయ్య అంటే అందరికీ గౌరవం. ఎన్నో గూళ్ళను పాముల నుంచి కాపాడినవాడు.

"గొడవ మందుతో కాదు," అన్నాడు రోషయ్య. "ఎవరి గూట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియకపోవడంతో వచ్చింది. గూటికొక గోరువంకను కాపలా పెడదాం. బొరియకొక గోరువంకను పెడదాం. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు నాకు చెబుతాయి. గుడ్డు చల్లబడితే తెలుస్తుంది, ఎవరైనా చల్లబరిచినా తెలుస్తుంది."

విచిత్రం చూడండి. మూడు రోజులు ఒక్క మాట మీదికి రానివాళ్ళు ఈ మాట మీదికి వచ్చేశారు. గుడ్ల దొంగలు దొరుకుతారని తవిటమ్మ పక్షం తలూపింది. తమ మీద నిందలు పడవని దూదమ్మ పక్షం తలూపింది.

ముళ్ళపంది సూదులయ్య ఒక్కడే గొణిగాడు. ముసలివాడు, ముళ్ళు సగం రాలిపోయాయి. "గూటికి గడ్డి కప్పుకుంటాం ఎందుకమ్మా? బొరియ వంకరగా తవ్వుకుంటాం ఎందుకు?"

"దాచుకోవలసింది ఉన్నవాళ్ళు అడగవలసిన మాట తాతా అది," అంది తవిటమ్మ. "నా గూట్లో దాపరికం ఏమీ లేదు."

"నీకు లేదులే. చూసేవాడికి ఉంటుందేమో కనుక్కో."

అందరూ నవ్వేశారు. తవిటమ్మ నవ్వలేదు. ముందుకొచ్చి ఇంకో మాట అంది. "పెద్దయ్యా, దొంగ ఎప్పుడూ కాదనే అంటాడు. అందుకని గోరువంక చెప్పిందే ఆఖరి మాట కావాలి. చూసిన కంటికి ఎదురు చెప్పడం ఉండకూడదు. ఎదురు ప్రశ్న కూడా ఉండకూడదు. ఎవరి గుడ్డునైనా మందుకోసం పాడుచేసినవాళ్ళను వాగు దాటించాలి."

వాగు దాటించడమంటే అవతలి బూడిద నేల మీదికి పంపడం. అక్కడ నక్కడానికి గడ్డి లేదు. పైన డేగ తిరుగుతూ ఉంటుంది. కొమ్ములయ్య సరే అన్నాడు.

గోరువంకలు వచ్చాయి. తవిటమ్మ గూటిమీద రేగు కొమ్మకు మూడు గోరువంకలు వంతులవారీగా వచ్చేవి. అమ్మమ్మ, అమ్మ, కూతురు. వాటికి ఒక ఆచారం ఉంది. ఏ సభలోనైనా పెద్దది మాట్లాడాకే చిన్నది మాట్లాడాలి. చిన్నది ముందు నోరు విప్పితే పెంపకం బాగాలేదంటారు. ఈ ఆచారం గుర్తుపెట్టుకోండి.

మొదటి వారం ఉడుతను సభకు పిలిచారు. పిల్లలను పడుకోబెడుతూ "దుప్పి పెద్దయ్యకు కొమ్ములే గానీ తల లేదు" అని అందట. ఉడుత తోక ముడుచుకుని అందరి ముందూ క్షమాపణ చెప్పింది. తవిటమ్మకు కొంచెం వింతగా అనిపించింది. గుడ్ల కోసం పెట్టిన కాపలాకు ఉడుత మాటతో ఏం పని?

రెండో వారం దూదమ్మను పిలిచారు. పెంకయ్య బొరియ దగ్గరికి మూడుసార్లు ఎందుకు వెళ్ళావని రోషయ్య అడిగాడు. "పిల్లకు నొప్పి తగ్గే ఆకు కోసం," అంది దూదమ్మ. నమ్మారో లేదో తెలియదు. ఆమె మాత్రం మళ్ళీ వైద్యుడి గడప తొక్కలేదు. తవిటమ్మ అది గమనించింది. అయినా గూటికి వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది.

ఇక మూడోది. దీన్ని జరిగింది జరిగిన వరసలో చెబుతాను, జాగ్రత్తగా వినండి.

తవిటమ్మ గుడ్లలో ఆరు పిల్లలయ్యాయి. ఏడోది కాలేదు. చల్లగా ఉండిపోయింది. ఆరు పిల్లలు చుట్టూ పరుగులు తీస్తుంటే తవిటమ్మ ఆ ఒక్క గుడ్డు మీద నాలుగు రోజులు కూర్చుంది. చెవి ఆనించి వింది. లోపల చప్పుడు లేదు. నాలుగో రోజు సాయంత్రం లేచి, దాని మీద నాలుగు ఆకులు కప్పింది. ఆ రోజుల్లో కొమ్మ మీద ఉన్నది కూతురు గోరువంక.

ఐదో రోజు చివరి పిల్ల పరుగెత్తుతూ వెళ్ళి, అవతలి గట్టు నుంచి వాగు మీదికి కాలి పడిన ఒక మొద్దు మీద కాలు పెట్టింది. పైకి బూడిద, లోపల ఇంకా నిప్పు. పిల్ల కెవ్వుమంది. అరికాలి చర్మం ఎర్రగా ఊడి వచ్చింది. కాలు లేని కౌజుపిల్ల పరుగెత్తలేదు, పరుగెత్తలేనిది బతకదు. ఆ రోజు కొమ్మ మీద ఉన్నది అమ్మ గోరువంక.

ఆరో రోజు తెల్లవారింది. తవిటమ్మ ఆకులు తీసి గుడ్డును చూసింది. పిల్ల కాలును చూసింది. సభలో తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. తర్వాత ఆ గుడ్డును ముక్కుతో మెల్లగా దొర్లించుకుంటూ పెంకయ్య బొరియకు వెళ్ళింది.

పెంకయ్య ఏమీ ఎత్తిపొడవలేదు. "కూర్చో తల్లీ. పిల్లను పట్టుకో," అన్నాడు అంతే.

ఆ రోజు కొమ్మ మీద ఉన్నది అమ్మమ్మ గోరువంక.

పిల్ల కాలు మీద లేత చర్మం వచ్చిన మూడో రోజున తవిటమ్మను సభకు పిలిచారు. వెళ్ళింది. ఆరు పిల్లలూ వెనక వెళ్ళాయి. రోషయ్య గోరువంకలను చెప్పమన్నాడు. ఆచారం ప్రకారం ముందు అమ్మమ్మ నోరు విప్పింది.

"తవిటమ్మ గూట్లోంచి గుడ్డును దొర్లించుకుంటూ వైద్యుడికి ఇచ్చి వచ్చింది."

సభంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. తర్వాత అమ్మ గోరువంక చెప్పింది.

"తవిటమ్మ పిల్ల నిప్పు మీద కాలు పెట్టింది. కాలు కాలింది."

"చేసిన పాపం ఊరికే పోతుందా," అని ఎవరో అన్నారు.

ఆఖరున కూతురు గోరువంక చెప్పింది. "గుడ్డు చల్లబడిపోయింది. తవిటమ్మ దానికి చెవి ఆనించి ఏడ్చింది."

అక్కడితో చెప్పడం అయిపోయింది. వినేవాళ్ళకు ఏమని అర్థమైంది? గుడ్డు ఇచ్చేసిందట, తర్వాత పిల్ల కాలిందట, ఆ తర్వాత గుడ్డు చచ్చిపోయిందట. బతికున్న గుడ్డును తల్లే మందుకు ఇచ్చిందన్నమాట.

తవిటమ్మ మూడు మాటలూ వింది. గోరువంకలు ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పినవన్నీ తను చేసినవే, తనకు జరిగినవే. తన ఏడుపు కూడా ఉంది అందులో. అయినా అది తన కథ కాదు. "కాదు, ముందు..." అని నోరు తెరిచింది.

"ఎదురు మాట లేదు," అన్నాడు రోషయ్య మెల్లగా. "నువ్వు పెట్టించిన కట్టుబాటే తవిటమ్మా."

 తవిటమ్మ చుట్టూ చూసింది. తన పక్షంవాళ్ళు తల తిప్పుకున్నారు. కొమ్ములయ్య లేచాడు. "ఎండ ఎక్కేలోపు వాగు దాటు. పిల్లలు నీ వెంటే," అన్నాడు. పైన ఆకాశంలో డేగ ఒక సున్నా చుడుతోంది. ఆరు పిల్లలు తల్లి రెక్క కిందికి దూరాయి.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"అమ్మాయ్, నువ్వు ఆ గుడ్డు చల్లబడడం ఏ రోజు చూశావు?"

అడిగింది దూదమ్మ. కూతురు గోరువంకను అడిగింది.

"ప్రశ్నలు లేవని చెప్పానా," అన్నాడు రోషయ్య.

"అయితే నన్నూ వాగు దాటించండి. దాటేముందు జవాబు విని వెళ్తాను. ఏ రోజమ్మా?"

కూతురు గోరువంక అమ్మమ్మ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. "అమ్మమ్మ చెప్పిన రోజుకు రెండు రోజుల ముందే," అంది. "నా వంతే మొదటిది. నన్ను ఎవరూ ఎప్పుడని అడగలేదు."

 కొమ్ములయ్య కూర్చోబోయి కూర్చోలేక నిలబడిపోయాడు. ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయే సంగతికి ఆరు పిల్లలను డేగకు వేయబోయానని ఆయనకు అప్పుడు తెలిసింది.

"నువ్వెందుకు అడిగావు వదినా?" అంది తవిటమ్మ.  "నేను నీ పిల్ల మందుకు అడ్డుపడ్డాను కదా."

"ఇప్పటికీ పడుతున్నావా?"

"తెలియదు. గుడ్డు సంగతి ఇంకా ఆలోచించుకోవాలి. గూటి సంగతి మాత్రం తప్పు నాదే."

"సరే. నీతో పోట్లాడి గెలవాలి నేను. నీ గూట్లోకి తొంగిచూసి కాదు."

గోరువంకలను ఆ పూటే పంపేశారు. "మీ ఇష్టం," అన్నాడు రోషయ్య. తోక దులుపుకుని వెళ్ళిపోయాడు. కోపం కూడా రాలేదు ఆయనకు. ఎందుకు రాలేదో మూడో రోజున తెలిసింది. పూరేడుపిట్ట ఏడుస్తూ వచ్చింది. దాని గూట్లో అన్నీ పెంకులే. ముళ్ళపొదలో, బండ కింద, ఎవరికీ కనిపించని గూడు అది. గోరువంకలకు తెలుసు. గోరువంకలు రోజూ ఎవరికి చెప్పాయో వాడికి తెలుసు. పాములను చంపేవాడు గుడ్లు కూడా తింటాడన్న సంగతి ఇంతకాలం ఎవరికీ తట్టలేదు.

రోషయ్య మళ్ళీ ఆ గట్టున కనబడలేదు. కానీ ఏ గూటికి ఏ దారో, ఏ తల్లి ఎప్పుడు మేతకు వెళుతుందో, అంతా ఆయన తలలో ఉండిపోయింది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవడం? ఆ ఎండలోనే తల్లులందరూ గూళ్ళు విప్పి కొత్త చోట్లు వెతుక్కున్నారు. సూదులయ్య తన బొరియకు ఇంకో వంపు తవ్వుకున్నాడు. "దాపరికం లేదంటివే," అని తవిటమ్మను అడగబోయి, దాని మొహం చూసి మానేశాడు.

ఇప్పచెట్టు కింద సభ ఇంకా జరుగుతూనే ఉంది. మందు కావాలని దూదమ్మ, జాగ్రత్త కావాలని తవిటమ్మ పోట్లాడుకుంటూనే ఉన్నారు. సభ అయ్యాక మాత్రం కలిసే ఇంటికి వెళతారు. దూదమ్మ పిల్ల వాళ్ళ మధ్య నడుస్తుంది. దాని ముందు తవిటమ్మ ఆఖరి పిల్ల నడుస్తూ, కుడివైపు గుంట ఉంది, ఎడమవైపు రాయి ఉంది అని చెబుతూ ఉంటుంది. ఆ పిల్లకు ఒక అరికాలు మాత్రం మిగతా ఒంటికంటే తెల్లగా ఉంటుంది.

నీతి: ఎదుటివాళ్ళ తప్పు పట్టడానికి పెట్టిన కన్ను మన గూటిని కూడా చూస్తుంది, అది అన్నీ చూసినా, అడిగే నోరు లేకపోతే నిజం తెలియదు.

అమ్మాయ్ శేషూ, నేను చెబుతుంటే నువ్వు రాసుకున్నదాంట్లో పేర్లు ఒక్కసారి సరిచూడు. కౌజు తవిటమ్మేనా, కుందేలు దూదమ్మేనా, మధ్యలో ఎక్కడైనా మార్చేశానా? వరస మాత్రం కదపకు. అది నేను మూడుసార్లు చూసుకున్నాను.