గుబురయ్య కొన్న పెద్ద వ్యాను

అనగనగా, రాళ్ళు ఎక్కువ, దారులు తక్కువ ఉన్న ఒక అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అందరి సామాన్లూ వీపు మీద మోసి మోసి పాపం, అతని నడుము పట్టేసింది.

"ఇక బండి కొనాల్సిందే" అన్నాడు.

భార్య నల్లమ్మ అంది: "చిన్న బ్యాటరీ ట్రాలీ కొందామయ్యా. ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చు. పైన కప్పుండదు, ఎంత పొడుగు సామానైనా పడుతుంది. మన ఇరుకు సందుల్లో దూరుతుంది."

"నా ఒడ్డూ పొడుగూ చూశావా? ఆ బుల్లి బండిలో కూర్చుంటే, ఎక్కానంటారా, తొడుక్కున్నానంటారా?" అని గుబురయ్య పెద్ద వ్యాను కొన్నాడు. హారన్ కొడుతూ అడవంతా తిరిగాడు.

మర్నాడు ఏనుగత్త చెరకు గడలు తెచ్చింది. సగం లోపలికి వెళ్ళాయి, సగం బయటే ఉన్నాయి. తలుపు పడలేదు.

"విరిచేద్దామా అత్తా?"

"నీ వ్యానునా?" అంది ఏనుగత్త. చెరకు తొండంతో పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది.

తర్వాత నెమలి నాట్యానికి వెళ్ళాలని వ్యానెక్కింది. గుబురయ్య హుషారుగా తలుపు వేశాడు. తోక తలుపులో ఇరుక్కుని ఈకలన్నీ ఊడిపోయాయి!

"అయ్యో! ఇప్పుడు నేను నెమలినా, కోడినా?" అని నెమలి ఏడ్చింది.

అంతలో పెద్ద వాన పట్టింది. వాగు పొంగింది. "మామా, బొరియలోకి నీళ్ళొస్తున్నాయి! పిల్లల్ని గట్టెక్కించు!" అంటూ కుందేలమ్మ పరుగెత్తుకొచ్చింది.

గుబురయ్య వ్యాను ఉరికించాడు. రెండు బండరాళ్ళ మధ్య అది బిగుసుకుపోయింది. ముందుకు కదలదు, వెనక్కి రాదు. పక్క తలుపులు తెరుచుకోవు.

"మామా, నీళ్ళు పెరుగుతున్నాయి!" అని కుందేలమ్మ కేక వేసింది.

 గుబురయ్య సీట్ల మీంచి పాకి, వెనక తలుపు తన్ని బయటపడ్డాడు. బొరియ దగ్గరికి పరుగెత్తి, కుందేలు పిల్లల్నీ, వాళ్ళ గడ్డి పరుపునీ వీపు మీద వేసుకుని, మూలుగుతూ కొండెక్కాడు. అందరూ క్షేమంగా చేరారు.

ఇంటికి రాగానే నల్లమ్మ అతని నడుముకు నూనె రాసింది. కాస్త గట్టిగానే నొక్కింది.

"అబ్బా! వాన వెలవగానే ట్రాలీకి మార్చేస్తానే తల్లీ!" అని అరిచాడు గుబురయ్య.

అన్నట్టే మార్చేశాడు. తెలుసా పిల్లలూ, అందులో అతను చక్కగా పట్టాడు!

నీతి: బండి మన డాబుకు కాదు, మన దారికీ మన బరువుకీ సరిపోవాలి.