గంగాచలానికి లేని దుఃఖం

గంగాచలం జీవితంలో ఎప్పుడూ ఏ ఘోరమూ జరగలేదు. అదొక లోటని అతనికి నిన్నమొన్నటిదాకా తెలీదు.

గోదావరి రేవులో గజ ఈతగాడతను. స్నానానికి దిగి సుడిలో చిక్కినవాళ్ళని జుట్టు పట్టి ఒడ్డుకి లాగడం అతని పని. ఆ విద్య నేర్పింది ఓలేటి మసేను. రేవులో అందరికీ మసేను తాత. తాత దగ్గర నేర్చుకున్నానని చెప్పుకునేటప్పుడు గంగాచలం ఛాతీ పొంగేది. పొంగనివ్వండి, ఆ మాత్రం గర్వానికి తగిన పనే అది.

అలాంటి రేవుకి హైదరాబాదు నుంచి కౌశిక్ అనే సినిమా దర్శకుడు వచ్చాడు. గజ ఈతగాడు హీరోగా కథ రాస్తున్నాడట. గంగాచలం ఒక పెళ్ళికొడుకుని సుడిలోంచి లాక్కురావడం కళ్ళారా చూసి, పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"మీ కథే తీస్తాను బ్రదర్! సినిమా మొదట్లోనే మీ పేరు, మీ ముఖం వేస్తాను. ఇంతకీ మీరీ పనిలోకి ఎందుకొచ్చారు? చిన్నప్పుడు ఏం జరిగింది?"

"ఏం జరగలేదండి. ఈత బాగా వచ్చండి. తాత రమ్మన్నాడు, వచ్చేశాను."

కౌశిక్ ముఖం వాడిపోయింది. "అలా అయితే కష్టం. హీరో ప్రాణాలకి తెగించాలంటే లోపల ఒక దెబ్బ ఉండాలి. అమ్మో నాన్నో పోయుండాలి. ఊరికే దూకాడంటే జనం నమ్మరు."

సినిమావాళ్ళకి అదో ఆనవాయితీ. హీరో చెయ్యెత్తాలంటే ముందు ఇంట్లో ఎవరి ఫొటోకో దండ పడాలి.

తెర మీద పడబోయిన గంగాచలం ముఖం పడకుండానే పోయేలా ఉంది. అంతకంటే, ఇన్నాళ్ళూ తను చేసిన పని ఉత్తదేనేమో అని మొదటిసారి అనుమానం పుట్టింది. అదే ఎక్కువ బాధించింది.

"ఒక చెల్లెలుండేదండి, ధనకొండ" అన్నాడు తలదించుకుని. "నా కళ్ళముందే ఏట్లో పోయిందండి. అప్పట్నుంచి..."

ధనకొండ యానాంలో నిక్షేపంగా కాపురం చేసుకుంటోంది. పులస చేప పంపలేదని ఆ పొద్దున్నే ఫోన్ చేసి అన్నని చెడామడా తిట్టింది కూడా.

కౌశిక్ కళ్ళు తుడుచుకున్నాడు. పూలమ్మే ఆవిడ ముక్కు చీదింది. సాయంత్రానికల్లా రేవంతా అతన్ని కొత్తగా చూడటం మొదలుపెట్టింది. ఆ చూపులకి గంగాచలం మురిసిపోయాడు. పడవలో కూర్చుని తాడు పేనుతున్న మసేను తాత అంతా విన్నాడు.

మర్నాడు అమావాస్య. గంగాచలాన్ని ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టి ఎదురుగా కెమెరా పెట్టారు. చెల్లెలి సంగతి మళ్ళీ చెప్పమన్నాడు కౌశిక్. జనం మూగారు. గంగాచలం గొంతు సవరించుకుంటుండగా తాత మోకాలిలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"చెయ్యి పట్టరా."

పట్టాడు. తాత పొట్లం విప్పి ఆ అరచేతిలో నల్ల నువ్వులు పోశాడు. చెంబు ముంచి పైకెత్తాడు.

"ఏట్లో పోయిన పిల్లకి ఇన్నేళ్ళూ నీళ్ళైనా వదల్లేదు నువ్వు. ఇవాళ అమావాస్య. పేరు చెప్పి వదులు."

ఆపొద్దని కెమెరామన్‌కి సైగ చేశాడు కౌశిక్. ఇంతకంటే మంచి సీను ఎక్కడ దొరుకుతుంది!

"ధన..." అని గంగాచలం ఆగిపోయాడు. బతికున్న చెల్లెలి పేరున నువ్వులు, నీళ్ళు! వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"నా వల్ల కాదు తాతా. అది బతికే ఉంది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "మరి నిన్న చెప్పిందంతా?" అన్నాడు కౌశిక్.

"అబద్ధమండి. నాకే కష్టమూ రాలేదండి."

అతని మెడ వాలిపోయింది. సినిమా పోయింది, పేరు పోయింది, రేవులో పరువూ పోయింది.

తాత తిట్టలేదు. గంగాచలం పిడికిలి మెల్లగా విప్పి, ఆ నువ్వుల్ని తన అరచేతిలోకి ఒంపుకున్నాడు. దక్షిణానికి తిరిగాడు.

"ఓలేటి వీరాస్వామి. మా పెద్దోడు" అని నీళ్ళు వదిలాడు.

గంగాచలం చివ్వున తలెత్తాడు. ఎప్పుడో దిగువ లంకల్లోంచి వచ్చి ఈ రేవులో స్థిరపడ్డవాడు తాత. ఆయనకో కొడుకుండేవాడని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదు.

కౌశిక్ బూట్లతోనే నీళ్ళలోకి దిగిపోయాడు. "మీ అబ్బాయి ఏట్లోనే పోయాడా తాతగారూ?"

"ఆయ్. వరదలో. నా చేతికి అందలేదు."

"అందుకేనా మీరీ పని పట్టింది? ఆ బాధతోనేగా ఇంతమందిని కాపాడారు?"

మసేను తాత వంగి చేతులు కడుక్కున్నాడు. ఆ ముసలి నడుము నిటారుగా లేచింది.

"వాడు పోకముందూ దూకేవాణ్ణి బాబూ. ఈతొచ్చినోణ్ణి కదా."